గోరింటాకు కింద పాలిపోయిన గోళ్లు

ఈ ఉదయం, ఎనిమిదో నెల నిండుతున్న నా భార్య మస్తానమ్మను బండి కట్టి నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ముందు బోసి చేతులతో కూర్చోకూడదని మా అత్త నిన్ననే కూతురికి గోరింటాకు పెట్టింది. నెత్తురు ఎంతుందో తెలియడానికి, ఎర్రగా పండిన ఆ గోళ్లు చూసి లాభం లేక డాక్టరమ్మ వేలు పొడిచి, నెత్తుటి చుక్కను కాగితం మీద అద్ది, అచ్చువేసిన ఎర్రరంగుల వరుసతో పోల్చింది. అన్నిటికన్నా వెలిసిన రంగుతో అది సరిపోయింది.

“ఒంట్లో ఇనుము బొత్తిగా లేదు. ఈ రక్తంతో కాన్పు కష్టం,” అంది.

“గోళ్లు ఇంతెర్రగా ఉంటే నెత్తురు లేదంటారేందమ్మా!” అంది అత్త.

ఇంటికి రాగానే అమ్మలక్కలు ఆ చేతులు పట్టుకుని, “చానా బాగా పండిందే! మొగుడికి నువ్వంటే ఎంత ప్రేమో!” అన్నారు.

ఆ ప్రేమ ఒంటికి పడితే ఎంత బాగుండును! నెల లోపల నెత్తురు పట్టించే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను.