తోస్తేనే కదిలే ఇంపాలా కోసం చేవెళ్ల దాకా

ఈ ప్రయాణానికి కారణం కుళ్లు. ఇంతకన్నా మర్యాదైన మాట కోసం వెతికాను గాని దొరకలేదు. మా ప్రైవేటు స్కూల్లో నేను లెక్కలు చెబుతాను, వినోద్ సార్ సైన్స్ చెబుతాడు. ఒకరోజు స్టాఫ్ రూంలో ఆయన ఫోన్ నా ముందు పెట్టి, "మీకు పాత కార్లంటే పిచ్చి కదా సార్, ఇది చూడండి" అన్నాడు. లేత ఆకుపచ్చ ఇంపాలా. వెనక రెండు పక్కలా రెక్కలు విప్పినట్టున్న ఆ అంచులు, ముందు ఆ నికెల్ మెరుపు, ఇంటి ముందు పట్టనంత పొడుగు. దాని స్టీరింగ్ వెనక పళ్లికిలించుకుని వినోద్. క్లచ్‌కీ బ్రేకుకీ తేడా తెలియని మనిషి. చేవెళ్ల దగ్గర వాళ్ల అత్తగారి తరఫు వాళ్ల ఫంక్షన్‌కి వెళితే అక్కడి కొట్టంలో కనిపించిందట, ఊరికే కూర్చున్నాడట. ఊరికే! ఆరో తరగతి నుంచి పేపర్లలో కార్ల బొమ్మలు కత్తిరించి దాచుకున్నవాణ్ణి నేను. నలభై ఆరేళ్లొచ్చాయి, సొంతానికి ఉన్నది స్కూటర్. ఇలాంటి కారు ఈ జన్మలో కొనలేనని ఎప్పుడో ఒప్పుకున్నాను. కానీ వినోద్ కూర్చున్న సీట్లో నేను కూర్చోకపోవడం మాత్రం ఒప్పుకోలేకపోయాను. ఆ మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ అలాగే ఇంటికి తీసుకెళ్తే, ఒంట్లో బాగాలేదా అని మా ఆవిడ నుదురు పట్టుకుని చూసింది.

రెండో శనివారం పొద్దున ఏడింటికి మెహిదీపట్నంలో బస్సెక్కాను. చేవెళ్ల, పరిగి, వికారాబాద్ వైపు వెళ్లే ఏ బస్సైనా సరే, లంగర్‌హౌజ్, అజీజ్‌నగర్ మీదుగా గంటలోపే మొయినాబాద్‌లో దింపుతుంది. టికెట్ యాభై కూడా కాదు. అక్కడ దిగాల్సిన పని నాకు లేదు. కానీ రోడ్డు పక్క టిఫిన్ సెంటర్ ముందు ఎర్రటి, టాప్ లేని, రెండు తలుపుల పాత కారు ఆగి ఉంది. కిటికీలోంచి దాన్ని చూశాక కూర్చోవడం నా వల్ల కాలేదు. ఇడ్లీ ప్లేట్ తీసుకుని దాని పక్కకే వెళ్లి నిలబడ్డాను. ఇడ్లీ పెట్టే అమ్మ నన్ను చూసి నవ్వింది. "గిసొంటి బండ్లు ఫాంహౌజులకు శనారం ఐతారం వస్తయి సార్. బండి ఆగిందంటే తినేటోళ్లందరు లేచి బయట నిలవడ్తరు. నా చట్నీ సల్లగైతది" అంది. నేను మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడమ చేత్తో ఆ కారు బానెట్ అంచు తాకాను. కారాయన, నా కన్నా పదేళ్లు చిన్నవాడు, జేబులోంచి మెత్తటి పసుపు గుడ్డ తీసి నేను తాకిన చోట తుడిచాడు. నిజం చెబుతున్నాను, నాకు ఆయన మీదే కాదు, ఆ గుడ్డ మీద కూడా కుళ్లు పుట్టింది. రోజూ ఆ కారు ఒళ్లంతా తిరిగే అదృష్టం దానికుంది.

ఇంకో బస్సు పట్టుకుని చేవెళ్లలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండ్ బయట ముడిమ్యాల వైపు వెళ్లే షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్ఫై. నేను వెళ్లిన ఊరి పేరు రాయను, ఎన్నికల కాలం కాబట్టి. ఆటో డ్రైవర్‌ను ఇంపాలా గురించి అడిగితే, "ఆ తోపుడు కారా?" అన్నాడు. నా గుండెలో రాయి పడింది. "ఇంజిను పోయి శాన ఏండ్లాయె సార్. గా ఇంటోళ్లు సర్పంచ్‌కు నిలవడ్డప్పుడల్లా నామినేషన్‌కు దాంట్లనే పోతరు. జనం తోస్కపోతరు. నామినేషన్ ఇయ్యాల్నే ఉన్నది, మంచి టైముకొచ్చిన్రు మీరు" అని హుషారు చేశాడు. నాకు మాత్రం కొంచెం సంతోషమేసింది. వినోద్ కూర్చున్నది నడవని కారులో అన్నమాట.

కారు సొంతదారు జంగారెడ్డి గారి ఇంటి ముందు యాభై అరవై మంది ఉన్నారు. కొట్టంలోంచి కారును అప్పుడే బయటికి తోసి, బంతిపూల దండలు కడుతున్నారు. ఫొటోలో కన్నా నిజంగానే బాగుంది. రంగు అక్కడక్కడా పొలుసులుగా లేచింది, నికెల్ మసకబారింది, అయినా బాగుంది. ఇంత అందం కోళ్ల పక్కన ఇన్నేళ్లు పడి ఉందంటే ఏడుపొచ్చింది, అది వీళ్లకున్నందుకు ఇంకా ఏడుపొచ్చింది. వినోద్ పేరు చెప్పగానే జంగారెడ్డి గారు చాయ్ తెప్పించారు. సర్పంచ్‌కు నిలబడుతున్నది ఆయన భార్య సుగుణమ్మ గారు. కారు బాగు చేయించలేదేం అని అడిగాను.

"చేపిద్దమనే అనుకున్నం సార్. నడిచినన్ని రోజులు మా నాయిన రెండుపార్లు ఓడిండు. ఇంజిను పోయినంక తోస్కపోయినం, గెల్చిండు. ఇగ ఎందుకు చేపిస్తం?"

వాళ్ల పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఇంటివాళ్లెవరూ స్టీరింగ్ పట్టుకోకూడదు. ఒకసారి తమ్ముడు పట్టుకుంటే ఓడిపోయారట. ఎప్పుడూ పట్టేది సామ్యేలు. జంగారెడ్డి గారి నాన్న దగ్గర ఆ కారు తోలిన మనిషి, ఇంజిన్ పోయాక కూడా ప్రతి నామినేషన్‌కీ వచ్చి స్టీరింగ్ పట్టినవాడు.

"మరి ఆయనేరీ?"

జంగారెడ్డి గారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. "ఈపాలి ఆయన బిడ్డనే నిలవడ్డది సార్, మా ఇంటామె మీద. రూత్ అని, మహిళా సంఘం లీడర్. సామ్యేలును ఎట్ల రమ్మంటం? అడుగుడు గూడ మాకు మర్యాద గాదు."

ఊళ్లో ఇంకెవరైనా పట్టుకోవచ్చు కదా అన్నాను. ఆయన గేటు బయట చూడమన్నట్టు గడ్డం ఎత్తారు. గోడ వెంబడి నిలబడ్డ జనమంతా చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నారు. "బండి మీద చెయ్యి వడ్డదంటే మనోడని లెక్క. ఎవరు తోసిన్రో ఊరంత చూస్తది. అందుకే గట్ల కట్టుకుంటరు" అన్నారు. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీకు ఈడ ఓటు లేదు గద సార్?"

లేదన్నాను. అంత ఆనందంగా నా జీవితంలో ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. వినోద్ కొట్టంలో ఊరికే కూర్చున్నాడు, నేను నడిరోడ్డు మీద తోలబోతున్నాను. సామ్యేలు గురించి ఆ క్షణంలో ఒక్క ముక్క కూడా ఆలోచించలేదు. ఆయన బిడ్డ పోటీకి దిగినందుకు మనసులో దండం కూడా పెట్టుకున్నాను.

ముందు సీటు ఈ చివర నుంచి ఆ చివర దాకా సోఫాలా ఒకటే ఉంటుంది. నేను పొట్టి, కాళ్లు బ్రేకుకు అందలేదు. కింద మీట లాగి సీటు మొత్తం ముందుకు జరుపుకున్నాను. తుప్పు పట్టిన శబ్దం చేస్తూ కదిలింది. జంగారెడ్డి గారి మేనల్లుడికి నా ఫోన్ ఇచ్చి ఫొటోలు తీయమన్నాను. వెనక సుగుణమ్మ గారూ జంగారెడ్డి గారూ కూర్చున్నారు. డప్పులు మొదలయ్యాయి, పదిహేను మంది చుట్టాలు వెనక చేతులు ఆనించారు, ఇంపాలా కదిలింది. స్టీరింగ్ రాయిలా బరువు. రెండు చేతులా గుంజితే గాని తిరగదు. అయినా ఆ పొడుగాటి బానెట్ నా కళ్ల ముందు మలుపు తిరుగుతుంటే, చిన్నప్పుడు కత్తిరించిన బొమ్మలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

సగం దూరంలో కుడిపక్క మోపెడ్ హారన్ వినబడింది. దాని మీద అరవై దాటిన, బాగా పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా. వెనక ఒళ్లో ఫైలు పెట్టుకుని ముప్ఫై అయిదేళ్లామె. ఎవరో చెప్పనక్కర్లేకపోయింది, వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. నా కిటికీ పక్కకి రాగానే ఆయన మోపెడ్‌ను మా తోపుడు వేగానికి తగ్గించాడు. సుగుణమ్మ గారిని చూడలేదు, జనాన్ని చూడలేదు. నా చేతులను చూశాడు.

"జర లూజుగ పట్టుకోండి సార్," అన్నాడు. "అది నా చేతికి అలవాటైన బండి."

"బాపూ, టైమైతున్నది," అంది మోపెడ్ వెనక కూర్చున్నామె.

మోపెడ్ ముందుకు వెళ్లింది. మలుపు దగ్గర ఆయన మళ్లీ తిరిగి చూశాడు. మోపెడ్ పక్కకు ఊగితే రూత్ ఆయన భుజం గట్టిగా పట్టుకుంది.

పంచాయతీ ఆఫీసుకు వంద మీటర్ల దూరంలో పోలీసులు తాడు కట్టారు, వాహనాలన్నీ అక్కడే ఆగాలి. రూత్, సుగుణమ్మ గారు ఒకరికొకరు దండం పెట్టుకుని, తమ మనుషులతో లోపలికి నడిచారు. నేను కారు దిగి దాని పక్కనే నిలబడ్డాను, ఎవరైనా అడిగితే నాదేనన్నట్టు. సామ్యేలు వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. వెనక అంచు దగ్గర రంగు లేచిన చోట వంగి చూశాడు. ముందు అద్దం మీద పడిన బంతిరేకుల దగ్గర ఆగాడు. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి. గట్టిగా, వేళ్లలో వేళ్లు పెట్టుకుని. తాడు అవతల ఊరంతా చూస్తోంది.

ఆ ముఖం నాకు తెలుసు. వినోద్ ఫోన్ పట్టుకున్న రోజు స్టాఫ్ రూం అద్దంలో చూసుకున్నాను. కాకపోతే నాకు ఆ ముఖం పెట్టుకునే హక్కు లేదు, ఆయనకుంది.

కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. "సీటు ముందటికి జరిపిన్రా?"

"కాళ్లు అందలేదండీ."

"నేను కూసున్న కాడనే ఉండె అది, ఇన్నేండ్లు," అన్నాడు. మళ్లీ గొంతు తగ్గించి, "పొయ్యేటప్పుడు ఎన్కకు జరిపి పోండి సార్. నేనైతే ఇయ్యాల దాన్ని ముట్టొద్దు."

తలుపు తీసి, మీట లాగి, సీటు జరిపాను. ఎక్కడి దాకా అని అడగాల్సిన పనిలేదు. ఆయన కిటికీ బయట నిలబడి, "ఇంక జర, ఇంక జర" అన్నాడు. ఒక చోట కటక్ మని పడింది. "ఆఁ," అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి చేవెళ్లలో బస్సెక్కితే ఆరయ్యేసరికి ఇంట్లో ఉన్నాను. సోమవారం వినోద్‌కి ఫొటో చూపించాను, చూపించకుండా ఉండటానికి నేను దేవుణ్ణి కాదు. ఆయన ముఖం మాడింది. ఎన్ని రోజులుగానో ఎదురుచూసిన మాడుముఖం, తీరా చూస్తే రుచించలేదు. కొనలేని కార్ల మీద కుళ్లు నాకు తగ్గలేదు, మొయినాబాద్ ఎర్ర కారు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ ఇంపాలా దగ్గరికొచ్చేసరికి జంగారెడ్డి గారి మీద కుళ్లు రావడం లేదు. ఆ సీటు తన కాళ్ల కొలతకి అన్నేళ్లు ఆగి ఉన్న మనిషి మీద వస్తోంది. ఆయనకేమో, ఒక్క పూట పట్టుకున్న నా మీద.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఊరి నుంచి చేవెళ్లకు తిరుగు ఆటోలు మధ్యాహ్నం తక్కువ, చూసుకుని బయల్దేరండి. పాత కారులో ఎవరైనా దయతలచి కూర్చోనిస్తే, సీటు జరుపుకునే ముందు అది ఎక్కడుందో చూసుకోండి. దిగేటప్పుడు అక్కడికే జరిపి రండి.