ఎదువీన గొంతు పోయిన రాత్రి

నదికి ఈ ఒడ్డున ఎదువీన కార్కమో ఇల్లు, ఆ ఒడ్డున అర్సేనియో బర్రియా ఇల్లు. మధ్యలో మంచు కరిగి పారే నీళ్ళు ఎంత హోరు పెట్టినా ఎదువీన గొంతు ముందు దిగదుడుపే. అరవై మూడేళ్ళ మనిషి. భర్త బెలర్మీనో పోయి పదకొండేళ్ళయింది. అప్పటినుంచి గొర్రెలతో మాట్లాడుతుంది, పొయ్యితో మాట్లాడుతుంది, అంటుకోని తడి కట్టెల్ని వాటి వంశమంతా తవ్వి తిడుతుంది. వారానికోసారి అర్సేనియో పడవ వేసుకుని వచ్చి, ఆమె కాచిన మాతే ఆకు కషాయం కడుపునిండా తాగి, ఒకటే గొణుగుడు. పిలవడం మాత్రం గౌరవంగా, 'అమ్మగారూ' అన్నట్టు 'దోన్యా' అని.

"దోన్యా, నీకు పుణ్యముంటుంది, పొద్దున్నే కాస్త మెల్లగా తిట్టు. మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి."

"నీ కోళ్ళు నీలాగే ముసలివయ్యాయి. దానికి నా నోరేం చేసింది?"

ఆ రాత్రి సింహం నుంచి, అంటే అక్కడి వాళ్ళు సింహమని పిలిచే జూలు లేని ప్యూమా నుంచి, ఆమెను కాపాడింది ఆ నోరేనని లోయలో అందరూ చెప్పుకుంటారు. అది సగమే నిజం.

అక్టోబరు నెల, అక్కడ వసంతం, గొర్రెలు ఈనే కాలం. రెండు రోజుల కిందట ఒక గొర్రె ఈనుతూనే చచ్చిపోయింది. దాని పిల్లను ఎదువీన తల దూర్చి కప్పుకునే ఉన్ని పోంచో కింద రొమ్ముకి హత్తుకుని తిరుగుతోంది. సీసా పాలు పడితే కక్కేస్తోంది. పిడికెడు ప్రాణం, రోజురోజుకీ తేలికైపోతోంది. "చావకే తల్లీ, నాకు చావులు చూసే ఓపిక లేదే" అని దానితో కూడా వాగుతూనే గుర్రమెక్కి, తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ కొండ మీదికి పోయింది. వెనకాల పీయో, ఆమె కుక్క.

గొర్రె దొరికింది. పొదుగు రాయిలా గట్టిపడి, ఒక గడ్డికుప్ప దగ్గర నిలబడి అరుస్తోంది. ఎదువీన గడ్డి తొలగించి చూసింది. కింద దాని పిల్ల, మెడ దగ్గర పళ్ళ గాట్లు. సింహం చంపి, కాస్త తిని, మిగతాది మళ్ళీ వచ్చి తినడానికి దాచుకుంది.

సింహం దాచుకున్నదాని జోలికి పోకూడదని ఆ లోయలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కానీ ఇక్కడ పిల్ల లేని తల్లి, ఒళ్ళో తల్లి లేని పిల్ల. చచ్చిన పిల్ల తోలు ఒలిచి అనాథ పిల్లకి చొక్కాలా తొడిగితే, వాసన చూసి తల్లి తన బిడ్డే అనుకుని పాలిస్తుంది. ఆమె తాతల నాటి నుంచీ చేస్తున్న పని. అయితే ఎవరైనా అది ఇంటి దొడ్లో చేస్తారు. ఆమె మాత్రం కొరివితో తల గోక్కున్నట్టు అక్కడే కత్తి తీసింది.

"తోలు నాకు, మాంసం నీకు. సరిపోయిందా దొరసానీ?" అని కనబడని సింహాన్ని అడిగింది.

తొడిగిన తోలు వాసన చూసి గొర్రె బుసకొట్టి, పిల్లను కుమ్మింది. అలవాటవడానికి ఒక పూట పడుతుందిలే అనుకుని ఎదువీన గొర్రెకి తాడు వేసి కట్టుకుంది. అంతలో కొండ కొస నుంచి పొగమంచు దిగింది. గుర్రానికి ఏం వాసన తగిలిందో, కళ్ళెం తెంపుకుని కిందికి పరుగెత్తింది. మంచులో అడుగేస్తే లోయలో పడాలి. దాచిన మాంసానికి రెండు వందల అడుగుల దూరంలోనే ఆమెకి రాత్రయింది.

భయపడింది. భయపడుతూనే పని చేసింది. వెనక నుంచి ఏదీ రాకుండా నిలువెత్తు బండకి వీపు ఆనేలా చోటు చూసుకుంది. కింద కొమ్మలు పరిచింది, నేల చలి మనిషిని తినేస్తుందని. ఆ కొమ్మల మీదే గొర్రెని, దాని పక్కన తోలు తొడిగిన పిల్లని పడుకోబెట్టింది. రవికెలో దాచిన పొడి మేజోళ్ళు తొడుక్కుంది. ఎండుకొమ్మల అడుగున ఇంకా పొడిగా ఉన్న నాచు పీకి, జేబులోని కొవ్వొత్తి ముక్కతో తన ముందు మంట వేసింది.

చీకటి పడ్డ కాసేపటికి మంట అవతల రెండు కళ్ళు వెలిగాయి. పరుగెత్తావా, నువ్వు లేడివి. కూర్చున్నావా, గొర్రెవి. బెలర్మీనో ఎప్పుడూ చెప్పే మాట. ఆమె లేచి, పోంచోని రెండు చేతులతో తలపైకి ఎత్తి, కళ్ళు తిప్పకుండా నోరు విప్పింది.

"ఏమే, నీకు సిగ్గులేదూ? ముసలిదాన్ని, ఎముకలు తప్ప ఏముందే నా దగ్గర? పో, నీ మాంసం అక్కడే ఉంది!"

కళ్ళు పోయాయి. గంటకి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ లేచింది, మళ్ళీ తిట్టింది. మధ్యలో నిద్ర రాకుండా తన పెళ్ళినాటి కథలన్నీ పీయోకి చెప్పింది.

తెల్లవారుజామున గొంతు పోయింది. బొంగురు కూడా కాదు, వట్టి గాలి. కట్టెలు అయిపోవచ్చాయి. సరిగ్గా అప్పుడే పిల్ల ఆకలితో మే, మే అని మొదలుపెట్టింది. ఆ అరుపు వింటే ఏ సింహమైనా వస్తుంది. వచ్చింది. పది అడుగుల దూరంలో, పొట్ట నేలకానించి. ఎదువీన ఒక చేత్తో పోంచో ఎత్తి నిలబడింది, ఇంకో చేతిలోని కత్తితో, మాతే కోసం నడుముకి కట్టుకు తెచ్చిన కెటిల్ మీద కొట్టింది. పిల్ల నోరు మూయించడానికి మూడో చెయ్యి లేదు.

పిల్ల అరుపు ఉన్నట్టుండి ఆగింది. ఎదువీన తల తిప్పలేదు. మోకాలి పక్క నుంచి చప్పరింపు వినబడింది. రాత్రంతా ఆ తోలు పక్కనే పడుకున్న గొర్రె పొదుగు ఇచ్చింది. పిలిచే పిల్ల గొంతు లేకపోయేసరికి సింహం కాసేపు చూసింది. ఎత్తయిన ఆ పోంచోని, ఆ చప్పుడుని, మొరిగే పీయోని చూసి, తాను దాచుకున్న మాంసం వైపు తిరిగిపోయింది. ఎదువీన అప్పుడు పోంచో దించింది.

రౌతు లేకుండా ఆమె వాకిట్లోకి వచ్చిన గుర్రాన్ని ఆ ఒడ్డు నుంచి చూసి, అర్సేనియో నది దాటి మంచు విడగానే కొండెక్కాడు. "దోన్యా! దోన్యా!" అని అరుస్తూనే ఉన్నాడు. ఆమె పలకలేకపోయింది. కెటిల్ మోగించింది. దగ్గరికొచ్చి, ఆమె ముఖం చూసి, టోపీ తీసి నేల మీద కూలబడ్డాడు.

ఎనిమిది రోజులు ఆమెకి మాట లేదు. వచ్చిన ప్రతివాడూ ఆమె కథను ఆమె ముందే తప్పుతప్పుగా చెబుతుంటే కుతకుత ఉడికిపోయింది. తొమ్మిదో రోజు పొద్దున తడి కట్టె అంటుకోలేదు. ఆమె దాని వంశాన్ని మొదలంటా తిట్టేసింది. పొయ్యి రాజుకునేలోపే వాకిట్లో పడవ తెడ్డుతో అర్సేనియో.

"ఏం, కోళ్ళు ఫిర్యాదు చేశాయా?"

"లేదు దోన్యా." అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఆ రోజు కొండ మీద నేను అరుస్తున్నాను, నీ గొంతు రావట్లేదు. అంతే, అయిపోయింది అనుకున్నాను. ఈ ఎనిమిది రోజులూ నది చప్పుడే వింటూ పడుకున్నా. నిద్ర పట్టలేదు. తిట్టు. ఇంకా గట్టిగా తిట్టు."

ఎదువీనకి కన్నీళ్ళొచ్చాయి. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది. ఒక్క మాట కూడా దొరకలేదు. మాతే గిన్నెలో వేడినీళ్ళు పోసి అతని చేతికిచ్చింది.