ముగ్గురు రాజులు కట్టించిన గుడి

నా చిన్నప్పుడు నన్ను బడికి పంపకపోవడానికి కారణం ఒక రాజుగారి ఆజ్ఞ. అందుకే ఇన్నేళ్ళూ ఏమీ రాయలేకపోయాను. ముసలితనంలో మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాక, మొదట ఆ రాజు సంగతే రాయాలనిపించింది.

మాది రాయకోట పక్కన, తెలుగూ తమిళమూ కన్నడమూ కలిసే చోట చిన్న ఊరు. ఊరి బయట గుట్ట మీద పాత శివాలయం ఉంది. దాని గోడల అడుగున ఎవరికీ చదవరాని అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా ఇంటి పెద్ద ఆడపిల్ల రోజూ పొద్దున ఆ గుడి ఊడ్వాలని, ఆమెకు చదువు చెప్పిస్తే ఊరికి వానలు పోతాయని, గుడి కట్టించిన రాజు ఆజ్ఞగా అందులో రాసి ఉందట. చెప్పేది ధర్మకర్త. ఆయనకూ ఆ అక్షరాలు రావు. ఒకరోజు తూర్పు గోడ చూపేవాడు, ఇంకోరోజు పడమటి గోడ. మా తాత రెండు గోడలకూ దండం పెట్టేవాడు.

ఆ ధర్మకర్తకు ఒక విద్య మాత్రం బాగా వచ్చు. వచ్చినవాళ్ళ భాషను బట్టి గుడికి రాజును మార్చేవాడు. తెలుగువాళ్ళొస్తే రాయలవారు కట్టించిన గుడి. తమిళంలో పలకరిస్తే చోళరాజుది. కన్నడమైతే హొయ్సళ రాజు కలలోకి శివుడు వచ్చేవాడు. హారతి పళ్ళెం నిండేదాకా ఆ రాజే రాజు. చీపురు పట్టుకుని నేను మూడు కథలూ వినేదాన్ని. ఇంటికెళ్ళి మా మేనత్తకు చెప్పేదాన్ని.

నన్ను ఎలాగైనా బడిలో వెయ్యాలని మా అత్త పట్టు. తేరు పండుగనాడు కల్లావి నుంచి ఒక తమిళాయన, మాలూరు నుంచి ఒక కన్నడామె వచ్చారు. ధర్మకర్త వాళ్ళకు విడివిడిగా చెప్పిన కథలు అత్త విననే విన్నది. ఇద్దరినీ మంటపంలోకి పిలుచుకుపోయి ఊరందరి ఎదుట అడిగింది.

"ఏమప్పా, నాకు రాయలన్నావు. ఈయన్నకు చోళుడన్నావు. ఈయమ్మకు ఇంకో రాజన్నావు. మా పాపను ఊడ్చమన్నది యా రాజప్పా?"

"ఒక బిడ్డకు ముగ్గురు నాయనలప్పా!" అన్నారెవరో వెనక నుంచి. జనం పకపకా నవ్వారు. నా చీపురు రోజులు తీరిపోయాయనుకున్నాను.

ధర్మకర్త కండువా సర్దుకున్నాడు. మొహంలో సిగ్గు మచ్చుకైనా లేదు.

"ముగ్గురూ అన్నారమ్మా. ఒకరు కట్టినారు, ఒకరు పెంచినారు, ఒకరు నిలబెట్టినారు. ముగ్గురూ ఆ మాటే చెప్పిపోయినారు. మీ వంశం ఎంత పుణ్యం చేసుకుందో చూడు."

నవ్విన నోళ్ళే "శివశివా" అన్నాయి. మా తాత ఆనందంతో కళ్ళు తుడుచుకుని, నా తల వంచి మొక్కించాడు. అంతవరకు ఒక రాజు ఇచ్చిన చీపురు, ఆ రోజుతో ముగ్గురు రాజులు ఇచ్చినదైంది.

"అబద్ధమని చూపిస్తే వదుల్తారనుకొంటిని పాపా," అంది అత్త, ఇంటికి వస్తూ. "వాళ్ళకు ముందే తెలుసు. ఊడ్చే మనిషి కావల్ల, అంతే."

ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. ఎవరైనా పాత గుడి గొప్పలు చెబుతుంటే, కథ చివర ఎవరి చేతికి చీపురు వస్తుందా అని చూస్తాను. శివుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు చెప్పుకు బతికేవాళ్ళ మీద గౌరవమూ లేదు.

మరునాడు పొద్దున్నే గుడికి వెళ్ళాను. గర్భగుడి ముందు, మంటపం, ప్రాకారం అన్నీ శుభ్రంగా ఊడ్చాను. పండుగ చెత్తంతా ఎత్తి ధర్మకర్త కూర్చునే అరుగు మీద పోసి ఇంటికి వచ్చాను.