మావయ్య బిళ్ల నేను వేసుకున్న రోజు

సగం చదివిన పుస్తకం మనిషిని ఎక్కడ పడేస్తుందని ఎవరైనా అడిగితే, రొయ్యల తట్టలో అని ఠక్కున చెబుతాను. పడినవాణ్ణి కాబట్టి.

గోదావరి పక్కన అడవిపొలం అనే ఊళ్లో మా మేనమామది రొయ్యల బేరం. నాలుగడుగులు గబగబా వేస్తే చాలు, ఛాతీ పట్టేసేది. నొప్పి రాగానే నాలుక కింద పెట్టుకోమని డాక్టరుగారు చిన్న బిళ్లలిచ్చారు. ఈయనేమో వాటిని టీతో మింగేసి, పనిచెయ్యట్లేదని విసుక్కునేవాడు. నోట్లో ఎప్పుడూ కిళ్లీ కాపురముంటే బిళ్లకు చోటెక్కడిది?

అత్తయ్య భయపడి నన్ను పిలిపించింది. "లైబ్రరీలో అన్నీ చదువుతావు కదా, నువ్వైనా చెప్పు నాయనా. ఈసారి నొప్పొస్తే ఈయనేమైపోతాడో."

నేను ఆగుతానా? గుండె గురించిన పుస్తకం అప్పటికే సగం నమిలేశాను.

"మింగితే మందు చాలావరకు లివర్ దగ్గరే ఖర్చయిపోద్ది మావయ్యా. నాలుక కిందైతే తిన్నగా రక్తంలో కలుస్తది. రక్తనాళాలు వదులవుతాయి, గుండె మీద బరువు తగ్గుద్ది. తట్ట దించిన కూలోడిలా అది ఊపిరి పీల్చుకుంటది."

"నొప్పి గుండెలో ఉంటే మందు నాలుక కిందేంట్రా? కాలు విరిగితే చెవికి కట్టు కడతావా?"

అత్తయ్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా పాండిత్యానికి రోషం వచ్చింది. మావయ్య డబ్బాలోంచి బిళ్ల తీసి, వాకిలి నడుమ విగ్రహంలా నిలబడి, నా నాలుక కిందే పెట్టేసుకున్నాను. కాసేపటికి కణతల్లో డప్పులు మోగాయి. తర్వాత కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే పడుకున్నాయి. ఆ తర్వాత నేను.

కళ్లు తెరిస్తే కింద తట్ట, ఒంటినిండా రొయ్యలు. మీసాలకేం, రొయ్యకు లేవా అంటారు. నా చదువూ ఆ బాపతే. అత్తయ్య నా కాళ్లు పైకెత్తి పట్టుకుంది. మావయ్య మాత్రం బిళ్లల డబ్బాను భక్తిగా చూస్తున్నాడు. "ఇంత బిళ్లకి ఇంత బలమా!"

మర్నాడు, తలనొప్పితోనే, పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను. మొదటి వాక్యం: ఈ మందుతో బీపీ పడిపోవచ్చు, కూర్చునే వేసుకోవాలి.

పది రోజుల తర్వాత చెరువు గట్టు మీద మావయ్యకు నొప్పి వచ్చింది. కిళ్లీ ఉమ్మేశాడు, కూర్చున్నాడు, బిళ్ల నాలుక కింద పెట్టుకున్నాడు. కొద్ది నిమిషాల్లో నొప్పి తగ్గింది. ఇప్పుడు పక్కూరు మెట్టకూరు దాకా ఆయనే పాఠం చెబుతున్నాడు: "ముందు కూర్చోండి. నిలబడితే ఏమవుద్దో మా మేనల్లుణ్ణి అడగండి."

అందుకే గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒకరి మందు ముట్టను. పుస్తకం చివరిదాకా చదవనిదే నోరు విప్పను. విప్పక తప్పదా, కూర్చుని విప్పుతాను.