సంచిలోకి ఊదిన ఊపిరి

ఆ పొద్దున ద్వారకా నగర్‌లో డాక్టరమ్మ క్లినిక్ బయట అమ్మ కుర్చీలో కూర్చుంది. నాకు మాత్రం కాలు నిలవడం లేదు. అప్పుడే మందు కలిపిన నీళ్లు తాగి, వాళ్లిచ్చిన చిన్న సంచిలోకి ఊదేసి వచ్చాను. నా కడుపులో పుండు చేసిన సూక్ష్మజీవి ఉందో పోయిందో ఆ ఊపిరే చెప్పాలి. పోయిందంటే ఇంటికెళ్లగానే ఆవకాయన్నం! అదీ అమ్మ చేతి ముద్ద!

"ఊదితే కడుపులో పురుగు తెలిసిపోద్దేటిరా?" అంది అమ్మ.

"తెలుత్తదమ్మా. సూడు."

మా వీధిలో కడుపు మంటంటే గ్యాసే. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు చేసేవాడివి, వేళకు తినవు, మంట రాక ఏం చేస్తుంది అన్నారు అందరూ. నా చొక్కా జేబులో పెన్ను లేకపోయినా గ్యాస్ బిళ్ల ఉండేది. నేరం మాత్రం ఆవకాయ మీద పడింది. అమ్మ జాడీని అటకెక్కించి నాకు చప్పిడి కూరలు మొదలెట్టింది. అంత చప్పిడి తిన్నా ఒకరోజు డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోయాను. లోపల పుండు నుంచి రక్తం పోతోందని అప్పుడు తెలిసింది. పాపం, అన్నేళ్లూ ఆవకాయను ఉత్తపుణ్యాన ఆడిపోసుకున్నాం!

ఈ సూక్ష్మజీవి మనవైపు చాలామందిలో చిన్నప్పుడే చేరిపోతుందట. ఎక్కువమందిని ఏమీ చేయదు, కొందరికి పుండు చేస్తుంది. ఎంగిలి వల్ల, కడుక్కోని చేతుల వల్ల, మంచివి కాని నీళ్ల వల్ల ఒకరి నుంచి ఒకరికి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. మొదటిసారి వాడిన మందులకు అది చావలేదు. జ్వరమొచ్చినప్పుడల్లా మందుల షాపులో అడిగి మింగిన యాంటీబయాటిక్‌లకు అలవాటు పడిపోయి ఉంటుందంది. నాకు ఒళ్లు మండింది. నా కడుపులో కాపురముంటూ, నేను కొన్న మందులతోనే రాటుదేలిందా! రెండోసారి మందులు మార్చారు. నోరంతా ఒకటే చేదు. మానేద్దామనుకున్నప్పుడల్లా అమ్మ నీళ్ల గ్లాసుతో ఎదురుగా నిలబడేది.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది.

"పోయింది."

నేను బయటికొచ్చి గట్టిగా కేకేశాను. అచ్యుతాపురం ఫ్యాక్టరీ యూనిఫాంతోనే వచ్చి, పొట్ట పట్టుకుని తన వంతు కోసం కూర్చున్న ఒకతను ముక్కూ మొహం తెలియకపోయినా లేచి చేయి కలిపాడు.

"పోనాదేటి బావా? అయితే నాదీ పోద్ది!"

ఇంటికి రాగానే జాడీ అటక దిగింది. అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, బేసిన్‌లో వేడన్నం, ఆవకాయ, నెయ్యి వేసి కలిపింది. ఆ వాసనకే నాకు నోరూరిపోయింది. ముద్ద చేసి, ఉప్పు చూడ్డానికి అంచు కొరికి, మిగిలింది పిల్లల నోట్లో పెట్టడం మా చిన్నప్పటి నుంచీ ఆవిడ అలవాటు. అలాగే కొరికింది. నేను నోరు తెరిచాను.

ముద్ద నా పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ దాన్ని వెనక్కి తీసుకుని తన నోట్లోనే వేసుకుంది.

"ఏటమ్మా!"

"ఎంగిలి వల్ల వత్తదని సెప్పింది గదా డాక్టరమ్మ. నాలో ఉందో నేదో ఎవులికి తెలుసు? నానింకా ఊదనేదు." బేసిన్ నా వైపు తోసింది. "నువ్వు తిను. రేపు నన్నట్టుకెళ్లు."

అమ్మ ముద్ద నములుతూనే అడిగింది.

"పరగడుపునే రమ్మంటారు గదేటి?"