పట్టీ టక్‌మనేదాకా

మా కోడూరు స్కూల్లో లెక్కలు చెప్పే టీచరు గారు హెల్మెట్ పట్టీ టక్‌మనేదాకా స్కూటీ స్టార్ట్ చేసేవారు కాదు. వెనక కూర్చునే తోటి టీచర్ని నేనేమో నా హెల్మెట్‌ను అందరిలాగే మోచేతికి తగిలించుకుని, పోలీసులు కనబడితేనే నెత్తిన పెట్టేదాన్ని.

దవడ వెడల్పని చిన్నప్పటి నుంచీ పడ్డ వెక్కిరింపులు భరించలేక, ఆవిడ ఆ ఎముకను ఆపరేషన్‌తో చెక్కించుకున్నారు. "ముఖంతోపాటు ఎముకా సన్నబడిందండీ. గట్టి దెబ్బ తగిలితే విరగొచ్చని డాక్టరు గారు చెప్పారు" అనేవారు. అందుకే గడ్డం దాకా కప్పే హెల్మెట్. అందానికి పోయి అవస్థ తెచ్చుకుందని స్టాఫ్‌రూంలో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఒక ఉదయం చేపల లారీ కార్చిన నీళ్ల మీద బండి జారింది. నేను గట్టు పక్క గడ్డిలో పడ్డాను. ఆవిడ ముఖం రోడ్డుకు కొట్టుకుంది. లేచి హెల్మెట్ తీస్తే, అది గడ్డం దగ్గరంతా గీసుకుపోయి ఉంది. ఆవిడ మెల్లగా నోరు తెరిచి, మూసి, పళ్లు కలిపి చూసుకున్నారు.

"ఎప్పట్లాగే కలుస్తున్నాయండీ!" అని రోడ్డు మీదే నవ్వేశారు. మధ్యాహ్నం బందరులో తీయించిన ఎక్స్‌రే కూడా దవడకేమీ కాలేదంది.

మర్నాడు నేను వెనక ఎక్కినా బండి కదల్లేదు.

"మీ పట్టీ ఇంకా వినబడలేదండీ. నాది చెక్కిన ఎముక, మీది చెక్కనిది. రోడ్డుకేం తెలుసు?"

ఆవిడకు గుడివాడ బదిలీ అయింది. ఇప్పుడు నా స్కూటీ వెనక కొత్త టీచరమ్మ ఎక్కుతోంది. ఆమె పట్టీ టక్‌మనేదాకా నేనూ బండి తీయడం లేదు.