డోర్నకల్ నుంచి వరంగల్‌కి, ఎక్స్‌రే ట్యూబు కోసం

రైలు పట్టాల మీద పనిచేసే యాదగిరి కాలు జారి పడ్డ రోజునే మా ఎక్స్‌రే యంత్రం కూడా పడకేసింది. డోర్నకల్‌లో మాది చిన్న ఆసుపత్రి, నేను అక్కడ ఎక్స్‌రేలు తీస్తాను. అతని కాలు వాచిపోయింది. కట్టు కట్టి, ఫోటో కోసం వరంగల్ వెళ్లమన్నారు డాక్టరుగారు. యాదగిరి వినలేదు. పక్క గదిలో అతని భార్య కాన్పుకు చేరి ఉంది, అదీ తొలిచూలు. "కాలు పోతె పోనీ సారూ, నేనైతె పోను" అన్నాడు. ఎల్లుండి పొద్దుటిదాకా చూస్తానని డాక్టరుగారు గడువిచ్చారు. నేను పాడైన ట్యూబు పెట్టె ఒళ్లో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు పొద్దుటి బండే పట్టుకోండి. వరంగల్ స్టేషన్ బయట ఆటోవాళ్లు కాశిబుగ్గ అవతలి ఫ్యాక్టరీ షెడ్లకు నూటయాభై అడుగుతారు, బేరమాడితే వందకు వస్తారు. మా డ్రైవరు పెట్టె చూసి "ఏందన్నా అది?" అన్నాడు. ఎక్స్‌రే బల్బు అన్నాను. "బల్బుకు గింత బరువా! గుంతలల్ల మెల్లగ పోనిస్త తియ్" అన్నాడు. అన్నట్టే పోనిచ్చాడు, పుణ్యాత్ముడు.

ఆ షెడ్లలో ట్యూబులు తయారుచేసే చిన్న కర్మాగారాన్ని నడిపేది రాధక్క. అక్కడ గాజు గొట్టంలోని గాలంతా లాగేసి మూస్తారు. దాన్ని మనం తీసుకెళ్లిన, సీసం పొదిగిన పెట్టెలో బిగించి చుట్టూ నూనె నింపుతారు. ముందే ఫోన్ చేయడం వల్ల మాకు సరిపడే గొట్టం సిద్ధంగా ఉంది. నూనె నింపడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక బయల్దేరదామని లేచాను.

"యాడికి తమ్మీ? ఇంక కరెంటు పెట్టి చూడలే" అంది రాధక్క.

కొత్త ట్యూబుకు ఒక్కసారే పూర్తి కరెంటు ఇవ్వకూడదు. కొంచెం పెంచడం, ఆగడం, మళ్లీ పెంచడం. నా ప్రాణమంతా సాయంత్రం రైలు మీదే ఉంది. తీరా చివరికొచ్చాక లోపల టప్పుమంది. "గాలి బుడగ. మల్ల నింపాలె" అంది. నా మొహం చూసి, "ఫికర్ జెయ్యకు. ఈడ తెల్వుడే మంచిదైంది" అంది.

అయితే పరీక్షించే గది ఒక్కటే, తర్వాతి వంతు శ్రీనన్నది. ఇనుప పైపుల అతుకులకు ఎక్స్‌రే తీసే కంపెనీ మనిషి, పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నాడు. సిగ్గు విడిచి అతనికి యాదగిరి సంగతంతా చెప్పాను. వింటున్నంతసేపూ అతని ఫోను మోగుతూనే ఉంది.

"నీదే ముందు పెట్టుకో అన్నా. ఇనుముకు నొప్పి ఉంటదా? నాది రేపు జూస్కుంట" అన్నాడు.

"మరి మీ సారు?"

"తిడ్తడు. గదేమన్న కొత్తనా!"

రాధక్క తన డబ్బాలోని రొట్టె, పప్పు మా ఇద్దరికీ పంచింది. రెండోసారి ఏ చప్పుడూ రాలేదు. ఆఖరి బండిలో ఇల్లు చేరాను.

పొద్దున కొత్త ట్యూబు బిగించి తీసిన ఫోటో చక్కగా వచ్చింది. ఎముక చిట్లింది కానీ పక్కకు జరగలేదు, మా దగ్గరే పిండికట్టు వేశారు. అది ఆరకముందే పక్క గదిలో పసిబిడ్డ ఏడుపు వినబడింది. లేవబోయిన యాదగిరిని రెండు చేతులా పట్టుకున్నాను, నా కళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేకపోయింది. ముక్కూమొహం తెలియని ముగ్గురు మనుషుల దయ అది, వాళ్లు చల్లగా ఉండాలి. మీరు వెళ్తే తిరుగు టికెట్ మాత్రం ముందే కొనకండి, ట్యూబు సిద్ధమయ్యాకే రైలు సంగతి చూసుకోండి. అక్కడ శ్రీనన్న కనబడితే, ఆడపిల్ల పుట్టిందని చెప్పండి.